నలభై వేల నోళ్లకు ఒక నాలుక

1,370వ రోజు, సోమవారం

నాలుక మామూలుగా ఉంది. ఆరు రుచుల సీసాల పరీక్షలో ఆరుకి ఆరు. "నిన్న మసాలా చిరుతిళ్లు ఏమైనా తిన్నారా" అనే గడిలో ఎప్పటిలాగే లేదని రాశాను. చుట్టూ నీళ్లే ఉన్న ఈ మిట్ట మీద మిరపకాయ బజ్జీ కనబడి పదకొండేళ్లయింది. అయినా ఆ గడి తీసెయ్యరు, నేను నింపడం మానను.

రుచిదారు ప్రతిరోజూ తన నాలుక గురించి నిజం రాయాలని ఈ పుస్తకం మొదటి పేజీలో అచ్చేసి ఉంది. నాలుగేళ్లు కావస్తోంది, రాస్తూనే ఉన్నాను. ఎవరైనా చదివిన ఆనవాలు మాత్రం లేదు.

ఇవాళ్టి ప్రసారం: ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి, గుమ్మడికాయ దప్పళం, గడ్డపెరుగు. మార్కండేయులు గారు పన్నెండున్నరకి వంట ముగించి, మీసం సవరించుకుని, కెమెరా వైపు తిరిగి "కలపండి" అన్నారు. మిట్ట మీద నలభై వేల మంది కలిపారు. "ఎత్తండి" అన్నారు. ఎత్తారు. నేనూ ఎత్తాను. తేడా ఏమిటంటే నా పళ్లెంలో ఉన్నది అన్నం, వాళ్ల పళ్లేల్లో ఉన్నది దిమ్మ. వేడినీళ్లలో నానబెట్టి పిసుక్కుంటారు. నా నాలుక మీద పడిన రుచి వాళ్ల నాలుకల మీది పట్టీలకి చేరుతుంది. పట్టీ పెట్టుకున్న నాలుకకి సొంతంగా ఏమీ తెలియదు కాబట్టి, వాళ్లు తినేది ఆవకాయ అన్నమే.

దిమ్మకి మొదట్లో "పోషక పిండం" అని పేరు పెట్టారు. జనం కార్యాలయం ముందు బైఠాయించాక మార్చారు.

పై ఊళ్ల నుంచి పడవలో ఒక మనిషికి సరిపడా బియ్యం, కూరలు వస్తాయి. ఆ ఒక మనిషిని నేను. మార్కండేయులు గారు కూడా తను వండింది తినరు. జనం తినేదే నేనూ తింటానని మొదటి రోజున కెమెరా ముందు మాటిచ్చి, ఆరేళ్లుగా రుచిదారు పక్కనే కూర్చుని పట్టీ పెట్టుకుని దిమ్మ తింటున్నారు. అంటే ఆయన వంట ఎలా ఉందో ఆయనకి నా నోటి ద్వారానే తెలుస్తుంది. తెర మీద ముఖం ఆయనది. నా చెయ్యి మణికట్టు వరకే కనబడుతుంది, మైకు ఉండదు.

1,373వ రోజు, గురువారం

నాలుక అనుమానంగా ఉంది.

రుచిదారులు పట్టీ వాడకూడదు, నాలుక మొద్దుబారుతుంది. అందుకని సాయంత్రం ఇంట్లో నేను దిమ్మని దిమ్మలాగే తింటాను. అది నానిన అట్టపెట్టెలా ఉంటుంది, నాకు అలవాటే. ఈ మిట్ట మీద దిమ్మ అసలు రుచి తెలిసిన నాలుక బహుశా నాదొక్కటే. ఇందులో గొప్పేమీ లేదు.

ఇవాళ దాంట్లో చేదు తగిలింది. నాలుక చివర మొదలై గొంతు దాకా పాకి, నీళ్లు తాగినా పోలేదు. తప్పు నాలుకదే అయి ఉంటుందని పసుపు నీళ్లతో పుక్కిలించాను. ఏదైనా వింతగా తోస్తే ముందు నాలుకని అనుమానించమని మాకు నేర్పించారు.

1,375వ రోజు, శనివారం

మూడు రోజులుగా సీసాల పరీక్షలో ఆరుకి ఆరు. నాలుకలో దోషం లేదు, దిమ్మలోనే ఉంది.

ఆ చేదు ఏమిటో ఇవాళ గుర్తొచ్చింది. గుప్పెడు పల్లీలు నోట్లో వేసుకుని నములుతుంటే మధ్యలో ఒక చచ్చు గింజ పడుతుంది చూడండి, అప్పటిదాకా తిన్నదంతా పాడు చేసేస్తుంది. అదే ఇది. దిమ్మలో సగం నూనె తీసిన పల్లీ చెక్కే. దానికి ఎక్కడో బూజు పట్టింది. బూజు పట్టిన పల్లీ కాలేయాన్ని తినేస్తుందని శిక్షణలో చెప్పారు, నేను పరీక్షలో రాశాను కూడా.

సరఫరా కార్యాలయానికి ఫిర్యాదు పెట్టాను. గంటలో జవాబు వచ్చింది. నలభై వేల మంది రోజూ తింటున్నారు, దిమ్మ మీద ఒక్క ఫిర్యాదూ లేదు, నిన్నటి మామిడికాయ పప్పులో ఉప్పు ఎక్కువైందని మాత్రం పదిహేడు వచ్చాయి, దయచేసి మీ పని మీద దృష్టి పెట్టండి.

ఉప్పు ఎక్కువైన మాట నిజమే.

1,377వ రోజు, సోమవారం

నాలుక బాగుంది. నేను బాగాలేను.

నోటివార్తల వాళ్లకి ఉత్తరం రాశాను. మిట్ట మీద అందరూ చూసే వార్తలు అవే. నిన్న సాయంత్రం చదివారు. అంతకుముందు ఇరవై నిమిషాలు మార్కండేయులు గారు పప్పుచారులో ఇంగువ ముందు వేస్తారా తర్వాత వేస్తారా అన్న చర్చ, ఆ తర్వాత పక్క మిట్ట చెఫ్ నీలవేణి గారి కొత్త ముక్కుపుడక. నా ఉత్తరం చివర్లో పదిహేను సెకన్లు: "దిమ్మ చేదుగా ఉందంటున్న మార్కండేయులు గారి రుచిదారు."

ఉదయానికల్లా మీసం సంఘం వాళ్లు, అంటే ఆయన అభిమానులు, తీర్పు చెప్పేశారు. ఆయన పేరు చూసి రుచిదారుకి కన్ను కుట్టిందట, పేరు కోసం పాకులాడుతోందట. నా మణికట్టు బొమ్మ కింద ఒకాయన "తినే చేతికి ఇంత పొగరా" అని రాశాడు.

పక్కింటి భద్రమ్మ పిన్ని మాత్రం నా తరఫున వాళ్లతో పోట్లాడిందట. పిన్ని నాకు చుట్టం కాదు. అరవై దాటిన ఒంటరి మనిషి, ఇదివరకు గాజుల కొట్టు ఉండేది. నేను ఉద్యోగంలో చేరిన రోజు గోడ మీదుగా చూసి, నీ నోటితో తింటున్నానే అమ్మాయ్ అంది. అప్పటినుంచి రోజూ సాయంత్రం మధ్యాహ్నం భోజనం గురించి మాట్లాడుకోవడం మాకు అలవాటు.

పట్టీ తీసి ఒక్క ముద్ద తిని చూడమని బతిమాలాను. నవ్వేసింది. ఆరేళ్ల నుంచి అట్టపెట్టె సంగతే మర్చిపోయి హాయిగా ఉన్నాననీ, ఇప్పుడు తనకెందుకా శిక్ష అనీ అంది. మధ్యాహ్నం దప్పళం బ్రహ్మాండంగా ఉంటే మారు వేసుకుందట.

1,384వ రోజు, సోమవారం

పిన్ని కళ్లు పచ్చబడ్డాయి. ఆసుపత్రిలో కామెర్లన్నారు, నీళ్లు కాచి తాగమన్నారు. అక్కడి వరసలో ఇంకో ముప్పై మంది పచ్చ కళ్లతో కూర్చున్నారట. అందరికీ అదే సలహా.

దిమ్మ మానేయమన్నాను. మానేసి ఏం తినాలని అడిగింది. నేను తొమ్మిది రోజులుగా దిమ్మ ముట్టలేదు, మధ్యాహ్నం పళ్లెంతోనే రోజు గడుస్తోంది. ఆ పళ్లెంలోది ఒక్క మెతుకు బయటికి తేవడానికి లేదు, తలుపు దగ్గర తూచి చూస్తారు.

పిన్నికి ఆకలి చచ్చిపోయింది. అయినా ప్రసారం మొదలయ్యే సరికి లేచి కూర్చుంటోంది. "నువ్వలా ఇష్టంగా తింటా ఉంటే నాకూ నోరూరుద్దే. లేకపోతే ఈ కాస్తా లోపలికి పోదు" అంది.

ఇవాళ పళ్లెంలో గుత్తివంకాయ. నాలుగేళ్లలో మొదటిసారి బాగా లేకపోతే బాగుండుననుకున్నాను. బాగుంది. నేను రుచిగా తిన్నకొద్దీ పిన్ని ఎక్కువ తింటోంది. సిగ్గుగా ఉంది.

1,392వ రోజు, మంగళవారం, ఉగాది

ఇవాళ ఒక పని చేశాను. నిజమే రాయాలి కాబట్టి రాస్తున్నాను.

చెప్తే వినని వాళ్లకి రుచి చూపిస్తే సరిపోతుందనుకున్నాను. ఇంటి నుంచి దిమ్మ ముక్క చిన్నది రుమాల్లో కట్టుకెళ్లాను. లోపలికి వెళ్లేటప్పుడు తూచరు. ఏడాది మొత్తంలో ఎక్కువ మంది చూసేది ఉగాది ప్రసారమే, మధ్యాహ్నం భోజనం మానేసే వాళ్లు కూడా ఇవాళ పట్టీ పెట్టుకుంటారు. మార్కండేయులు గారు పచ్చడి గిన్నె నా ముందు పెట్టి కెమెరాతో మాట్లాడుతుండగా ముక్కని అందులో చిదిపి కలిపేశాను. "ఎత్తండి" అన్నారు. నోట్లో పెట్టుకున్నాను. చచ్చు పల్లీ చేదు నాలుక మొత్తం పట్టేసింది. మింగకుండా ఎంతసేపు ఉంచుకోగలనో అంతసేపు ఉంచుకున్నాను.

ఉగాది పచ్చడిలో చేదు కలిపి జనం ఉలిక్కిపడతారని ఎదురుచూసిన మనిషిని నేను.

సాయంత్రం నోటివార్తల్లో గంటసేపు అదే. ఇన్నేళ్లకి వేపపువ్వు అసలు సిసలుగా తగిలిందన్నారు. మార్కండేయులు గారు కెమెరా ముందు కళ్లు తుడుచుకుని, తమ నాయనమ్మ చేతి పచ్చడి ఇలాగే ఉండేదని చెప్పారు. మీసం సంఘం నాకు క్షమాపణ చెప్పింది. పిన్ని మంచం మీద నుంచే చెయ్యి ఊపి, చేదు బాగా తగిలింది కాబట్టి ఈ ఏడు మంచే జరుగుతుందని, రెండోసారి కూడా వేసుకున్నానని చెప్పింది.

ఇంటికొచ్చి ఏడ్చాను. నాలుక పరీక్ష చెయ్యలేదు.

1,393వ రోజు, బుధవారం

ప్రసారం అయ్యాక మార్కండేయులు గారి గదికి వెళ్లాను. ముఖానికి వేసిన రంగు తుడుచుకుంటున్నారు. రంగు కింద ఆయన చర్మమూ పచ్చగానే ఉంది. అంతా చెప్పాను, ఉగాది పని కూడా. ఆయన అద్దంలోంచి నావైపు చూశారు. నాయనమ్మ పచ్చడి అలా లేదని ఇప్పుడు అనలేరు పాపం.

పట్టీ తీసి ఒక్క ముద్ద తిని చూడమన్నాను. చెయ్యనన్నారు. జనం తిన్నట్టే తింటానని మాటిచ్చారట. అసలు భయం అది కాదని నాకు అనిపించింది. ఆరేళ్లు వాడని నాలుక ఇంకా పనిచేస్తుందో లేదో ఆయనకి తెలియదు. పనిచెయ్యకపోతే ఆయన ఇక చెఫ్ కాదు, మీసం ఉన్న మనిషి.

చివరికి ఇలా అన్నారు: "ఇక్కడి వాళ్లు రోజు మొత్తంలో నవ్వేది ఆ గంటసేపే. దాన్ని చెడగొట్టమంటావా? రుచి చూడటం నీ పని, హైమవతీ. మాట్లాడటం నాది."

సరేనని వచ్చేశాను.

1,395వ రోజు, శుక్రవారం

పిన్నిని ఆసుపత్రిలో చేర్చారు. కడుపు ఉబ్బింది, మనుషుల్ని గుర్తుపట్టడానికి కాస్త సమయం తీసుకుంటోంది. మధ్యాహ్నం మాత్రం వార్డులో అందరికీ పట్టీలు పంచి దిమ్మ పెడుతున్నారు. ఇలాగే సాగితే పది రోజులు కూడా కష్టమని నర్సు చెప్పింది. తను చెప్పినట్టు ఎవరితోనూ అనొద్దంది.

రంజాన్ పండగ సెలవు నుంచి రజియా గారు ఇవాళే వచ్చారు. ప్రసారం మీటలన్నీ పక్క గదిలో ఆవిడ చేతిలో ఉంటాయి. వాటిలో ఒక మీట సంగతి ఇక్కడ రాయాలి. అన్నం నుంచి పెరుగులోకి వెళ్లేటప్పుడు నేను పుక్కిలించుకుంటాను. "ఎత్తండి" అనగానే పట్టీలు పట్టుకుంటాయి, ఆ తర్వాత నా నాలుక పన్నెండు సెకన్లు దాటి ఖాళీగా ఉంటే పట్టు వదిలేస్తాయి, ఎవరి నోరు వాళ్లకి వచ్చేస్తుంది. అలా జరక్కుండా రజియా గారు ఎప్పుడో దాచిన తాంబూలం రుచి ఒకటి సిద్ధంగా పెట్టుకుని, పదో సెకనులో నొక్కుతారు. ఆరేళ్లలో ఒక్కరోజూ మర్చిపోలేదు.

రంజాన్ నెలంతా ఆవిడ సాయంత్రం ఉపవాసం విడిచేసరికి మధ్యాహ్నం రుచినే మళ్లీ వేసే రాత్రి ప్రసారం మొదలయ్యేది కాదు. ఆకలికి ఆగలేక పట్టీ లేకుండానే దిమ్మ తినేసేవారు. ఈ సంగతి ఇవాళ టీ తాగుతూ మామూలుగా అన్నారు. నేను గ్లాసు కింద పెట్టి, ఎలా ఉండేదని అడిగాను.

"చేదుగా ఉండేదండి. ఉపవాసం నోరు కదా, అలాగే ఉంటుందనుకున్నాను," అన్నారు. ఇంకో గుక్క తాగి, "పండగ రోజు కూడా ఓ ముద్ద తిన్నానండి. ఉపవాసం లేదు. చేదు మాత్రం అలాగే ఉంది."

ఆవిడ తన నోటిని తిట్టుకుంటూ, నేను జనం నోటిని తిట్టుకుంటూ మూడు వారాలు గడిపామన్నమాట.

రేపటి వంట ఉలవచారు, వెన్న. ఆయన పేరు నిలబెట్టిన వంట అది, మిట్ట మొత్తం కూర్చుంటుంది. నేనేం చెయ్యాలనుకుంటున్నానో రజియా గారికి చెప్పాను. ఆవిడ గ్లాసులు రెండూ కడిగి బోర్లించి, రేపు తన వేలు కాస్త నెమ్మదిగా కదలొచ్చని మాత్రం అన్నారు.

1,396వ రోజు, శనివారం

నాలుక శుభ్రంగా ఉంది. ప్రసారానికి ముందు మూడుసార్లు మంచినీళ్లతో పుక్కిలించాను.

పన్నెండున్నరకి ఉలవచారు నా ముందుకొచ్చింది. వేడన్నం మధ్యలో గుంట చేసి చారు పోసి, పైన వెన్న పెట్టారు. వాసనకి నా నోట్లో నీళ్లూరాయి. ఉమ్మి మింగేసి మళ్లీ పుక్కిలించుకున్నాను.

"కలపండి" అన్నారు. కలిపాను.

"ఎత్తండి" అన్నారు. ఎత్తాను. నా చెయ్యి రోజూలాగే తెర అంచు దాకా వెళ్లింది. అక్కడినుంచి నోటికి జానెడు దూరం. ఆ జానెడూ ఎవరికీ కనబడదు. ముద్ద పట్టుకున్న చెయ్యి అక్కడే ఆపేశాను.

మార్కండేయులు గారు తన దిమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంటూ "ఆహా" అన్నారు. ఆయన రుచి తగలకముందే ఆహా అంటారు, అది రోజూ ఉండేదే. వెన్న గురించి, ఉలవలు ఉడికిన తీరు గురించి మొదలుపెట్టారు. నేను లెక్కపెట్టుకుంటున్నాను. ఎనిమిది. తొమ్మిది. పదో సెకనులో గాజు అవతల రజియా గారు చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పదకొండు. పన్నెండు.

ఆయన మాట ఆగిపోయింది.

ముందు తన వంటలోనే ఏదో తప్పు జరిగిందనుకున్నట్టున్నారు, చటుక్కున నావైపు తిరిగారు. ముద్ద ఇంకా నా చేతిలోనే ఉంది, వెన్న కరిగి మణికట్టు మీదికి కారుతోంది. ఆయన దాన్ని చూశారు. తన పళ్లెం చూసుకున్నారు. అప్పుడు ఆయన ఉమ్మేస్తారని అనుకున్నాను. ఉమ్మలేదు. కళ్లు మూసుకుని నెమ్మదిగా మరోసారి నమిలారు. వంటవాడు రుచి చూసేటప్పుడు నమిలే తీరు అది. ఆయన అలా నమలడం నేనెప్పుడూ చూడలేదు.

"చచ్చు పల్లీ," అన్నారు. మైకు ఉంది కాబట్టి అందరికీ వినబడింది. తర్వాత కెమెరా వైపు తిరిగి, "ఉమ్మేయండి. నేను చెబుతున్నాను, మార్కండేయుల్ని. అందరూ ఉమ్మేయండి," అన్నారు. తనూ ఉమ్మేశారు, పళ్లెంలోనే, కెమెరా ముందే.

ప్రసారం వేళ మిట్ట ఎప్పుడూ నిశ్శబ్దంగా ఉంటుంది. కిటికీలోంచి దగ్గులు, కాండ్రింపులు, వరసగా కుళాయిలు తిప్పిన చప్పుడు వినబడ్డాయి. చాలాసేపు వినబడ్డాయి.

కెమెరాలు ఆపాక ఆయన నా పక్కకి వచ్చి కూర్చున్నారు. నా పళ్లెంలోంచి ఒక ముద్ద తీసుకుని తిన్నారు, పట్టీ లేకుండా.

"ఉప్పు ఎక్కువైంది," అన్నారు. "ఎన్నాళ్ల నుంచి?"

"రెండేళ్లయిందండి."

"చెప్పలేదేం?"

మాట్లాడటం మీ పని కదండీ అన్నాను. ఆయన తలూపి ఇంకో ముద్ద తీసుకున్నారు. మూడో ముద్దకి ఏడుస్తున్నారు. తినడం మాత్రం ఆపలేదు. నేను చేతిలోది కింద పెట్టి చెయ్యి కడుక్కున్నాను.

1,408వ రోజు, గురువారం

నన్నూ, రజియా గారినీ ఉద్యోగంలోంచి పక్కన పెట్టారు, విచారణ జరుగుతోంది. ఈ పుస్తకం వెనక్కి ఇమ్మని ఎవరూ అడగలేదు కాబట్టి రాస్తున్నాను.

ఉలవచారు రోజు సాయంత్రానికే దిమ్మ ఆపేశారు. నిల్వంతా తీసి చూస్తే చెక్క నల్లబడి పోగులు పోగులుగా బూజు ఉందట. పై ఊళ్ల నుంచి పడవల్లో నూకలు వస్తున్నాయి, మనిషికి పూటకో గిద్దెడు. చాలామంది పట్టీలు మళ్లీ పెట్టుకోలేదు. నోటివార్తల్లో ఇప్పుడు గంజి గురించి చర్చలు జరుగుతున్నాయి, పలచగా మంచిదా చిక్కగా మంచిదా అని. మార్కండేయులు గారు మీసం తీసేసి వీధి చివర గాడిపొయ్యి దగ్గర గంజి కాస్తున్నారు. ప్రతి గరిటెడూ ముందు ఆయనే రుచి చూస్తున్నారు.

మిట్ట మీద పంతొమ్మిది మంది పోయారు. అందులో నలుగురు ఉగాది తర్వాత పోయిన వాళ్లు. ఆ నలుగురి పేర్లు కనుక్కుని ఈ పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నాను.

భద్రమ్మ పిన్ని ఉంది. కాలేయం సగమే పనిచేస్తోందని, ఉప్పు తగ్గించి జాగ్రత్తగా ఉంటే ఆ సగంతో నెట్టుకురావచ్చని డాక్టరు చెప్పాడు. ఇవాళ గ్లాసులో గంజి పట్టుకెళ్లాను. ఆసుపత్రిలో అందరి పట్టీలూ తీసి ట్రేలో పడేశారు. పిన్ని నన్ను చూసి వెంటనే గుర్తుపట్టింది. తలకింద చెయ్యి పెట్టి లేపి, చెంచాతో పట్టాను. ఆరేళ్ల తర్వాత తన నాలుకతో తను తింటోంది. చప్పరించింది, నుదురు ముడిచింది, మళ్లీ చప్పరించింది. నాకు భయం వేసింది.

"ఉప్పు చాల్లేదే," అంది.

నేను ఒక చెంచా తాగి చూశాను. సరిగ్గా సరిపోయింది. నాలుగేళ్లుగా ఈవిడకి ఏది సరిపోయిందో చెప్పింది నా నాలుకే. ఇవాళ సరిపోయిందని నేను చెప్పలేదు. నర్సు ఇటు రావడం లేదని గుమ్మం వైపు ఓసారి చూసి, చిటికెడు ఉప్పు తెచ్చి వేసి కలిపాను.